పెంటికల ఎరువు – నాలుగో పాఠం: కుప్ప అంచుల సంగతి

పోయిన పాఠంలో ‘పెరట్లోకి వచ్చి పోయే జంతువుల పెంటికలు ఏరి కుప్పలో వేయండి’ అని రాశాను. తప్పు నాదే. పెంటికలు అనగానే నాకు కుందేలు, జింక వేసే ఎండు గుళికలే కళ్ల ముందు ఉంటాయి. కొందరు నక్క మలాన్నీ అడవిపిల్లి మలాన్నీ కూడా తెచ్చి వేశారు. తెలుగులో గడ్డి మేసేవాటికి పెంటికలు, పేడ, లద్దె అనే మాటలుండగా, మాంసం తినేవాటి విషయంలో మామూలుగా మలం అనే అంటాం. ఆ తేడా అందరికీ తెలుసుననుకుని ముందుకు సాగిపోయాను.

వేసినవారు ఆ కుప్పను కూరగాయల దగ్గరికి తీసుకురావద్దు. నక్క మలంలో ఉండే ఏలికపాము జాతి పురుగుల గుడ్లకు పెంకు గట్టిది, మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. పిల్లి జాతి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు కాబట్టి గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. చేతి తొడుగులు వేసుకుని, బావికీ మళ్లకూ దూరంగా లోతైన గుంట తీసి పూడ్చేయండి. గబ్బిలాల రెట్ట జోలికి నేనైతే వెళ్లను. పేరుకుపోయిన ఎండు రెట్టను కదిపితే లేచే ధూళితో ఊపిరితిత్తులకు బూజు జబ్బు రావచ్చు.

కుప్ప కంపు కొడుతోందన్న వారు ఎండుటాకులు పెంచండి. తట్టెడు పెంటికలకు మూడు తట్టల ఆకులు నా లెక్క. బూడిద మాత్రం చల్లకండి. దాని క్షారానికి నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది.

ఇక నన్ను విసిగించిన మాట: ‘కుప్పలో చేయి పెడితే కాలింది, ఆవిరి కూడా వచ్చింది, అందుకే వాడేశాను.’ కాలింది నడిమి భాగం. కుప్ప పైపొర దుప్పటి లాంటిది. లోపలి వేడిని పోనివ్వదు, తాను మాత్రం చల్లగా ఉంటుంది. నడుమ 60 డిగ్రీలున్న రోజున కూడా పైనున్న జానెడు మందం 30 దాటకపోవచ్చు. జింక పెంటికల్లో ఈ.కోలై అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటే, ఆ జానెడులో అది హాయిగా బతుకుతుంది. గడ్డి మేసే జంతువే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎండిపోయాయి కదా అన్న ధీమా కూడా అంతే. తిరగేయని కుప్పలో ఆవిరి ఎంత వచ్చినా సగం ఎరువు పచ్చిదే.

తిరగేయడమంటే పారతో కెలకడం కాదు. పక్కనే ఖాళీ చోటు చూసుకోండి. పాత కుప్ప పైపొరను ఉల్లిపాయలా ఒలిచి, కొత్త కుప్ప నడుమకు చేర్చండి. పాత నడిమి భాగం ఇప్పుడు పైకప్పు అవుతుంది. అమెరికా సేంద్రియ సేద్యపు నిబంధనల్లో ఇలాంటి కుప్పకు 55 నుంచి 77 డిగ్రీల వేడి 15 రోజులు ఉండాలి, ఆ వ్యవధిలో కనీసం 5 సార్లు తిరగేయాలి. నేను 7 సార్లు తిరగేస్తాను, నాకు అనుమానం ఎక్కువ.

నిలువూ అడ్డమూ మీటరుకు తగ్గిన కుప్ప ఇంత వేడిని నిలుపుకోలేదు. బకెట్లో చేసేవారు తమ ఎరువును పచ్చి ఎరువుగానే లెక్కించాలి. ముల్లంగి, ఆకుకూరల వంటి మట్టికి తగిలే పంటలకైతే కోతకు 120 రోజుల ముందే మట్టిలో కలపాలి. మట్టికి తగలకుండా ఎత్తుగా కాసేవాటికి 90 రోజులు చాలు.

అభ్యాసం: పొడవాటి కాడ ఉన్న థర్మామీటరు తీసుకోండి. 15 రోజుల పాటు ఉదయం, సాయంత్రం మూడు చోట్ల గుచ్చండి: నడుమ, జానెడు లోతున, నాలుగు వేళ్ల లోతున. నాలుగు దిక్కుల నుంచీ గుచ్చాలి. అంటే పూటకు 12 అంకెలు, మొత్తం 360. పక్కనే తిరగేసిన తేదీలు రాయండి. ఏ దిక్కు చల్లగా ఉందో ఆ దిక్కు సరుకే తర్వాతిసారి ముందుగా నడుమకు వెళ్లాలి.