పాత చేపల లెక్కల్లో బరువు సరిచూసుకోవడం ఎలా?

పాత పట్టుబడి లెక్కలు చేతికి రాగానే గ్రాఫ్ గీసేయకండి. నేను మొదట అదే చేశాను. ఒక సరస్సు లెక్కల్లో, ఒకానొక ఏడాది నుంచి బరువు ఒక్కసారిగా ఆరో వంతు పడిపోయింది. చేపలు తగ్గిపోయాయని రాసేసుకున్నాను. తర్వాత స్కాన్ పేజీని పెద్దది చేసి చూస్తే, కాలమ్ పైన చిన్న అక్షరాల్లో ‘పేగులు తీసినవి’ అని ఉంది. అంతకుముందు పేజీల్లో ఆ మాటే లేదు. మారింది సరస్సు కాదు, తూకం వేసే పద్ధతి.

అందుకే ముందుగా అంకెలు వదిలేసి శీర్షికలు, అడుగున ఉన్న చిన్న గమనికలు మాత్రమే చదవండి. ఏ పేజీలో మాట మారిందో రాసుకోండి. చేప మొత్తం బరువా, పేగులు తీసిందా, తల కూడా కోసిందా, ఉప్పు పట్టించిందా అన్నది తేలాలి. విసుగు పుట్టించే పనే, కానీ అసలు పని ఇదే.

తర్వాత కొలతలు. టన్ను అని ఉంటే సంబరపడకండి. అమెరికా టన్ను 907 కిలోలు, బ్రిటిష్ టన్ను 1016, మెట్రిక్ టన్ను 1000. ఉదాహరణకు, అమెరికా, కెనడాల్లోని ఐదు పెద్ద సరస్సులైన గ్రేట్ లేక్స్‌కు 1867 నుంచీ చేపల లెక్కలున్నాయి. మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాది, మిగతా నాలుగూ రెండు దేశాలవి. అంటే ఒకే సరస్సుకు రెండు వైపులా వేర్వేరు చేతులు లెక్క రాశాయి. పైగా కెనడా 1970లలో మెట్రిక్‌కు మారింది. ఉప్పు చేపలైతే పీపాల్లో లెక్కించేవారు, అర పీపా అంటే 100 పౌండ్లు.

ఇక ఎక్సెల్‌లో అసలు అంకెను ఎప్పుడూ చెరపకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పుస్తకంలో ఉన్న అంకె, కొలత, చేప స్థితి, గుణకం (రాసిన బరువును చేప మొత్తం బరువుగా మార్చడానికి హెచ్చించే సంఖ్య), లెక్క కట్టిన బరువు, వీటికి తలా ఒక కాలమ్ పెట్టండి. ఉదాహరణకు పేగులు తీసిన చేప 1000 పౌండ్లు, గుణకం 1.2 అనుకుంటే, మొత్తం బరువు 1200 పౌండ్లు, అంటే సుమారు 544 కిలోలు. గుణకం జాతిని బట్టి మారుతుంది కాబట్టి అన్ని చేపలకూ ఒకటే వాడకూడదు. అది ఎక్కడి నుంచి తీసుకున్నారో పక్కనే రాయండి. రేపు ఎవరైనా మంచి గుణకం తెస్తే ఒక్క కాలమ్ మారిస్తే సరిపోతుంది.

చేప స్థితి తెలియని వరుసల్లో ‘తెలియదు’ అనే రాయండి. ఊహించి నింపితే, పదేళ్ల తర్వాత అది ఊహ అని మీకే గుర్తుండదు.

సున్నాలతో ఇంకా జాగ్రత్త. పట్టిక వేల పౌండ్లలో ఉంటే 250 అంటే రెండున్నర లక్షల పౌండ్లు, 400 పౌండ్ల పట్టుబడి సున్నాగా కనిపిస్తుంది. ఖాళీ గడి అయితే లెక్కే తీయలేదని కావచ్చు. నేను ఖాళీలకు పసుపు రంగు వేసి వదిలేస్తాను, సగటు కట్టేటప్పుడు వాటిని కలపను.