ఓడ కిరాయి నెత్తిన వేసుకోకండి: మిర్చి ఎగుమతిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లకు జాగ్రత్తలు

సోమవారం పొద్దున ఆఫీసు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఒక కుర్రాడు బండికి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికొచ్చాడు. చేతిలో ఫోను, అందులో షిప్పింగ్ లైను, అంటే ఓడ కంపెనీ, పంపిన మెయిలు. నాలుగే లైన్లు. దుబాయ్ రేవు జెబెల్ అలీ వెళ్లే ప్రతి 40 అడుగుల కంటైనర్‌కూ 1,500 డాలర్లు వార్ రిస్క్ సర్‌ఛార్జీ (యుద్ధ భయానికి వేసే అదనపు వసూలు) అని ఉంది.

"బాబాయ్, ఇది మనకి కాదు కదా?"

"రేటు ఏమని ఇచ్చావు?"

"సీఐఎఫ్." అంటే సరుకు, బీమా, ఓడ కిరాయి అన్నీ కలిపిన రేటు.

"కంటైనర్ బుక్ చేసి ఇచ్చావా, ఇచ్చి బుక్ చేశావా?"

మాట్లాడలేదు. రెండు కంటైనర్ల తేజ రకం మిర్చి. ఆ బేరం మొత్తం మీద వాడు చూసుకున్న లాభం లక్షా పదివేలు. సర్‌ఛార్జీ రెండున్నర లక్షల పైనే. కాలిక్యులేటర్‌లో మూడుసార్లు కొట్టాడు, ప్రతిసారీ అదే వచ్చింది.

జెబెల్ అలీ వెళ్లే ఓడలు దాటాల్సిన హార్ముజ్ జలసంధి పేరు టీవీల్లో మళ్లీ మోగుతోంది. మిర్చి యార్డులో ప్రతివాడూ యుద్ధ నిపుణుడైపోయాడు. అందుకని ఇది రాస్తున్నాను. తేమ చూసుకోండి, తాలు ఏరించండి, మచ్చు దాచుకోండి లాంటివి నేను చెప్పను, అవి యార్డులో ఎవర్నడిగినా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, కొటేషన్ చేతికి రాకముందు దాన్ని కలిపి రేటు చెప్పకండి. ఇరవై ఏళ్లుగా ఎగుమతి కాయితాలు చూస్తున్నాను. కాయ బాగోలేక మునిగినవాళ్ల కంటే ఈ ఒక్క పనితో మునిగినవాళ్లే నాకు ఎక్కువ కనపడ్డారు.

సముద్రం ఎలా మూతపడుతుంది

హార్ముజ్ జలసంధి మరీ ఇరుకైన చోట 33 కిలోమీటర్లు ఉంటుంది. అందులో పెద్ద ఓడలు నడిచే దారి పోవడానికి మూడు కిలోమీటర్లు, రావడానికి మూడు కిలోమీటర్లు, అంతే. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల పీపాల చమురు ఆ సందులోంచే వెళ్లింది. అంటే ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు. ఖతర్ గ్యాస్‌కూ అదే దారి. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటనుంచి కొనేదే.  

కానీ మనవాళ్లు ఊహించుకున్నట్టు ఎవరో వచ్చి సముద్రానికి గేటు వేయరు. 1984 నుంచి 88 దాకా ఇరాన్, ఇరాక్ ఒకరి ట్యాంకర్లను ఒకరు కొట్టుకున్నారు, వందల ఓడలు దెబ్బతిన్నాయి. అయినా రాకపోకలు ఆగలేదు. పెరిగింది బీమా ఖర్చు. నన్నడిగితే దారిని ముందుగా మూసేది యుద్ధనౌక కాదు, లండన్‌లో బీమా రాసే మనిషి. ఎర్రసముద్రంలో చూశాం కదా. 2023 నవంబర్ 19న యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. ఆ తర్వాత ఓడ విలువలో 0.05 శాతం దగ్గరుండే వార్ రిస్క్ ప్రీమియం ఒక శాతం దాకా ఎగబాకింది. పది కోట్ల డాలర్ల ఓడ ఒక్కసారి ఆ దారిన పోతే పది లక్షల డాలర్లన్నమాట. డిసెంబర్ సగానికల్లా పెద్ద పెద్ద లైన్లన్నీ సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ. ఆ ఆయిలు ఖర్చు, ఆ రోజుల ఖర్చు, ఆ ప్రీమియం, అన్నీ చివరికి కిరాయిలోకే వస్తాయి. ఎవరు కిరాయి కడతామని సంతకం పెట్టారో వాళ్ల నెత్తిమీద పడతాయి.

ఆ జనవరిలో మా మిత్రుడొకాయన ఆరు కంటైనర్లు యూరప్‌కి సీఐఎఫ్ రేటుకి ఒప్పుకుని ఉన్నాడు. బేరం కుదిరింది నవంబర్ మొదటివారంలో. కంటైనర్లు జనవరిలో తీసుకుందాం, అప్పటికి కిరాయి ఇంకా దిగుతుందిలే అనుకున్నాడు. జనవరికి కిరాయి మూడింతలు దాటింది. కొనేవాడు నవ్వుతూనే అన్నాడట, "రేటు మీరే ఇచ్చారు కదండీ" అని. మాట తప్పే మనిషి కాదాయన. ఆరూ పంపాడు. గోరంట్లలో ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న స్థలం మార్చిలో రిజిస్ట్రేషన్ చేసిచ్చాడు. సాక్షి సంతకం నాదే.

కాయ రేటు మీకు తెలుసు, ఏసీ (కోల్డ్ స్టోరేజి) అద్దె తెలుసు, ముఠా కూలి తెలుసు. మీకు తెలియనిదీ మీ చేతిలో లేనిదీ ఒక్క కిరాయే. తెలియనిదాన్ని కలిపి రేటు ఎందుకు చెబుతారు?

రేటు ఎలా ఇవ్వాలి

కుదిరితే ఎఫ్‌ఓబీ. మన రేవులో ఓడ ఎక్కించేదాకా ఖర్చు మనది, ఆపైన కిరాయి వాళ్లది. (కంటైనర్ సరుకుకి ఎఫ్‌సీఏ, అంటే రవాణావాడికి అప్పగించేదాకా మనది, అనాలని ఇన్‌కోటర్మ్స్ అనే అంతర్జాతీయ వ్యాపార నిబంధనల పుస్తకం చెబుతుంది. గుంటూరులో నేను తప్ప ఎవరూ అనరు.) కొనేవాడు సీఐఎఫ్ తప్ప వద్దంటే, లైను దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, దాని గడువు ఎన్నాళ్లో చూసి, మీ ఆఫరు గడువు దానికంటే రెండు రోజులు ముందే ముగిసేలా పెట్టండి. ఒప్పందంలో ఈ వాక్యం రాయండి: "ఈ రేటులోని ఫ్రైట్ బుకింగ్ నాటిది. ఆ తర్వాత లైను వేసే వార్ రిస్క్, బంకర్, కంజెషన్ సర్‌ఛార్జీలు కొనుగోలుదారు భరించాలి." (బంకరంటే ఓడ ఇంధనం, కంజెషనంటే రేవులో రద్దీ.) ఈ వాక్యానికి ఒప్పుకోనివాడి బేరం వదిలేయండి. వాట్సాప్‌లో "ఓకే" అన్నా మాటే, గుర్తుంచుకోండి. రేటు మెసేజ్ కిందే ఆ వాక్యం కూడా అతికించండి.

ఇన్సూరెన్సు గురించి

చాలామంది "పాలసీ ఉంది కదా" అంటారు. మామూలు మెరైన్ పాలసీలో యుద్ధం ఉండదు, విడిగా తీసుకోవాలి. సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీసుకోవాల్సింది కనీస పాలసీయే. యుద్ధం కవర్ కావాలని కొనేవాడు అడిగితే ఆ ఖర్చు వాడిదే, ఇన్‌కోటర్మ్స్ చెబుతున్నది అదే. ఆ ఖర్చు అడిగి తీసుకోండి. ఆ యుద్ధం కవర్ కూడా సరుకు ఓడ మీద ఉన్నంతవరకే, గోడౌన్‌లో బాంబు పడితే వర్తించదు. పైగా బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసిచ్చి దాన్ని రద్దు చేయొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం వల్ల వచ్చిన నష్టానికి మామూలు మెరైన్ పాలసీ కింద గానీ, యుద్ధం కవర్ కింద గానీ పైసా రాదు. యుద్ధం వల్ల ఓడ నెల రోజులు ఆగి, లోపల కాయ ఉక్కపోతకి రంగు దిగి బూజు పట్టిందనుకోండి, అది మీ ఖర్మ. యూరప్‌లో మిర్చికి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు లోపలికి రానివ్వరు. మొత్తం అఫ్లాటాక్సిన్లయితే 10. పద్నాలుగు రోజుల ప్రయాణం ముప్పై రోజులయ్యేచోట కాయను ఇంకాస్త ఆరబెట్టి పంపాలి.

ఇక మిగతావి గుర్తొచ్చినట్టు చెబుతాను.

జెబెల్ అలీ హార్ముజ్‌కి లోపలి వైపు ఉంది. ఖోర్ ఫక్కాన్, ఫుజైరా బయటివైపు. ఒప్పందంలో రెండో రేవు పేరు కూడా రాయించండి, అక్కణ్ణుంచి లారీ ఖర్చు ఎవరిదో కూడా.

బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు లైను ఇచ్చే రసీదు) వెనక సన్న అక్షరాలు చదవండి. ప్రమాదం ఉందనుకుంటే లైను మీ సరుకుని వేరే రేవులో దింపేసి, చేర్చినట్టే లెక్కేసుకోవచ్చు. అక్కణ్ణుంచి తెచ్చుకునే ఖర్చు సరుకువాళ్లదే.

ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) షిప్‌మెంట్ ఆఖరు తేదీ దగ్గరగా పెట్టించుకోకండి. ఓడ రాకపోతే తప్పు మీది కాదు, కానీ తేదీ దాటింది మీకే. తేదీ పొడిగించే ఎల్‌సీ సవరణ చేతికి రాకముందు కంటైనర్ గేటు దాటనివ్వొద్దు. ఎల్‌సీలో వేరే గడువు రాయకపోతే, సరుకు ఓడెక్కిన 21 రోజుల్లో కాయితాలు బ్యాంకులో ఇవ్వాలి.

కొలంబోలో ఓడ మారే బుకింగ్ అయితే అక్కడ ఎన్ని రోజులు ఆగుతోందో అడగండి. అడిగి రాసుకోండి.

వార్త విని సరుకు కొనకండి. 2025 జూన్ 22న, ఇజ్రాయెల్‌తో యుద్ధం నడుస్తుండగా, హార్ముజ్ మూసేద్దామని ఇరాన్ పార్లమెంటు ఆమోదించింది. రెండు రోజులకే కాల్పుల విరమణ, చమురు రేటు మళ్లీ యుద్ధానికి ముందున్న చోటికి దిగింది. ఆ రెండు రోజుల్లో ఏసీ సరుకు మీద అప్పు తెచ్చి ఇంకో సరుకు కొన్నవాళ్లు నాకు తెలుసు.

త్వరగా సర్దుకుంటుందని కూడా నమ్మకండి. 1967లో మూసిన సూయజ్ కాలువని 1975లో తెరిచారు.

చెన్నై రేవుకి లారీ కిరాయి కూడా ముందే మాట్లాడండి. 2022 మార్చి, ఏప్రిల్‌లో పదహారు రోజుల్లో డీజిల్ పది రూపాయలు పెరిగింది.

ఏసీ జనరేటర్ పక్కన డ్రమ్ముల్లో డీజిల్ నిలవ పెట్టొద్దు.

ఒకే కొనుగోలుదారుకి మూడు కంటైనర్లు దాటి బాకీ పెట్టొద్దు.

కొత్త దేశం, కొత్త పార్టీ, ఈ నెలలో వద్దు.

డాలర్ పెరిగింది కదా అని కిరాయిని మర్చిపోకండి. కిరాయి కట్టేది కూడా డాలర్లలోనే.

ఫ్రైట్ రాకముందు సీఐఎఫ్ రేటు చెప్పొద్దు. పాత పార్టీ అయినా చెప్పొద్దు. బావమరిది అయినా చెప్పొద్దు. "సుమారుగా చెప్పు చాలు" అన్నా చెప్పొద్దు, ఆ సుమారే రేపు ఇన్‌వాయిస్ మీదికి ఎక్కుతుంది.

ఇది రాస్తుండగానే సోమవారం కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. దుబాయ్ పార్టీ సర్‌ఛార్జీలో సగం భరిస్తానందట, బదులుగా ఇంకో నాలుగు కంటైనర్లకి ఈ సాయంత్రంలోపు సీఐఎఫ్ రేటు కావాలట. లైనువాళ్లు కొటేషన్ ఇచ్చారా అనడిగితే, "రేపిస్తామన్నారు బాబాయ్" అన్నాడు.

అయితే రేపే చెప్పరా.