డిస్క్‌ని అనుమానించే ముందు వెనక అట్ట చదవండి: పాత ఫాంటసీ సినిమాల డీవీడీ, బ్లూరే తిప్పలు

పాత ఫాంటసీ నవలలు, కథల ఆధారంగా తీసిన సినిమాల డిస్కులు మన దగ్గరకి ఎక్కువగా అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో వస్తాయి, లేదంటే సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. తీరా పెట్టి చూస్తే ఏదో ఒక తేడా. అసలు బొమ్మే రాదు, వస్తే పక్కన నల్ల పట్టీలు, అవీ లేకపోతే పాట మాయం. వీటిలో చాలావరకు డిస్క్ లోపాలు కావు. ఏ దేశం డిస్క్, ఏ వెర్షన్, ఏ ప్రింట్ నుంచి చేశారు అన్న మూడు సంగతులు తేలితే సగం టెన్షన్ అక్కడే పోతుంది. రీజియన్ గుర్తు (ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేది), పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ (దేశాన్ని బట్టి మారే టీవీ పద్ధతులు), తెర నిష్పత్తి, నిడివి, అన్నీ వెనక అట్ట మీద చిన్నక్షరాల్లో ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని అయినా అది చదివాకే రిమోట్ పట్టుకోండి.

డిస్క్ పెడితే "ఈ రీజియన్‌లో ఆడదు" అంటోంది

డీవీడీల్లో మన దేశం రీజియన్ 5. అమెరికా 1, బ్రిటన్ 2. బ్లూరేకి వచ్చేసరికి అంకెలు పోయి అక్షరాలొచ్చాయి: అమెరికా ఎ, బ్రిటన్ బి, మనం సి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. దుకాణంలో "మల్టీ రీజియన్ ప్లేయర్ సార్" అని అంటగట్టేది చాలాసార్లు డీవీడీల వరకే మల్టీ. బ్లూరే తాళం వేరే, అది తియ్యకుండానే ఉంటుంది. కొనేముందు ఎ, బి, సి మూడూ ఆడుతుందా అని విడిగా అడగండి.

4కే డిస్కులకి, అంటే బ్లూరే కన్నా ఇంకా స్పష్టమైన బొమ్మ ఇచ్చేవాటికి, ఈ గొడవ లేదు, వాటికి రీజియన్ తాళం పెట్టలేదు. కానీ 4కే డిస్క్ మామూలు బ్లూరే ప్లేయర్‌లో ఆడదు, దానికి 4కే ప్లేయరే కావాలి. పెట్టెలో 4కేతో పాటు బ్లూరే కూడా ఉంటే ఆ రెండో దానికి రీజియన్ ఉండొచ్చు, అది కూడా చూసుకోండి.

కంప్యూటర్ డ్రైవ్‌లో డీవీడీ రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. ఆ తర్వాత ఆఖరుసారి పెట్టిన రీజియన్ దగ్గరే బిగుసుకుపోతుంది. ఇంకో మాట, అక్కయ్య అమెరికా నుంచి ప్లేయరే తెచ్చిందనుకోండి, ప్లగ్ పెట్టేముందు దాని వెనక 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే కన్వర్టర్ లేకుండా పెట్టొద్దు.

పాటలు కాస్త పై శ్రుతిలో వినిపిస్తున్నాయి, సినిమా ముందే అయిపోతోంది

ఇది పాల్ డీవీడీ లక్షణం. సినిమా తీసింది సెకనుకి 24 ఫ్రేములతో. పాల్ పద్ధతిలో సెకనుకి 25 కావాలి. ఆ ఒక్క ఫ్రేము కోసం సినిమా మొత్తాన్ని 4 శాతం వేగంగా తిప్పేస్తారు. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' 102 నిమిషాల సినిమా, పాల్ డీవీడీలో సుమారు 98 నిమిషాలకే ముగుస్తుంది. ఎవరో నాలుగు నిమిషాలు కత్తిరించారని అమ్మినవాళ్ల మీద విరుచుకుపడకండి, ఒక్క సీనూ పోలేదు.

మాటల్లో ఈ తేడా ఎవరికీ పట్టుబడదు. పాటల్లో దొరికిపోతుంది. ఒకటి శ్రుతిలో ఉన్న పాట ఒకటిన్నర దగ్గరికి జరుగుతుంది. కొన్ని డిస్కుల్లో శ్రుతిని సరిచేసి ఇస్తారు, అన్నింటిలో కాదు. హార్మోనియం ముందు కూర్చునే అలవాటున్నవాళ్లు ఇంట్లో ఉంటే అది వాళ్లే చెప్పేస్తారు. ప్లేయర్ సెట్టింగుల్లో దీనికి మందు లేదు. బ్లూరేలో సినిమాని సాధారణంగా 24 ఫ్రేముల వేగంతోనే పెడతారు కాబట్టి బ్లూరే తీసుకోండి, లేదా అమెరికా ఎన్‌టీఎస్‌సీ డీవీడీ చూడండి. పాటలున్న సినిమాకి పాల్ డీవీడీ నేనైతే కొనను.

అటూ ఇటూ నల్ల పట్టీలు

1950ల ముందు హాలీవుడ్ సినిమాల తెర దాదాపు చదరం, 1.37:1. మీ టీవీ 16:9. పక్కన ఖాళీ మిగలడం న్యాయమే. టీవీని జూమ్‌లో పెడితే తలలూ కాళ్లూ తెగుతాయి, వైడ్‌లో పెడితే అందరూ లావైపోతారు. ఒరిజినల్ లేదా జస్ట్ స్కాన్ పెట్టి వదిలేయండి. నాలుగు వైపులా పట్టీలుంటే మాత్రం అది పాత తరం డీవీడీ, వైడ్ సినిమాని 4:3 చట్రంలో ఇరికించి అచ్చు వేసింది. అలాంటి దానికి మాత్రం జూమ్ నొక్కండి, తప్పులేదు.

ఉల్టా కేసు కూడా ఉంది. వైడ్ సినిమా 4:3లో వస్తుంది. 1971 నాటి 'విల్లీ వాంకా అండ్ ద చాకొలెట్ ఫ్యాక్టరీ' 30 ఏళ్ల పండగ డీవీడీని 2001లో మొదట 4:3లోనే తెచ్చారు. అభిమానులు గొడవ చేస్తే అదే ఏడాది వైడ్‌స్క్రీన్ డిస్క్ కూడా వేశారు. సెకండ్‌హ్యాండ్‌లో రెండూ తిరుగుతుంటాయి, అట్ట మీద "ఫుల్‌స్క్రీన్" అని ఉంటే పక్కన పెట్టేయండి. ఫుల్ అన్న మాట చూసి ఎక్కువ బొమ్మ వస్తుందని మోసపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

మొదటి ఇరవై నిమిషాలు రంగు లేదు

'ఆజ్' చూసేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కాన్సస్ సీన్లు గోధుమ రంగు సెపియాలో ఉంటాయి. కథానాయిక డోరతీ తలుపు తీశాకే రంగులు. తీసిందే అలా. మీ టీవీలో కలర్ పెంచితే సెపియా కాస్తా నారింజ అవుతుంది తప్ప ఇంకేం జరగదు.

ఆ తలుపు షాట్ మళ్లీ ఒకసారి చూడండి. లోపలి గదికి గోధుమ రంగు పెయింట్ వేసి, డూప్‌కి అదే రంగు గౌను తొడిగి, మొత్తం షాట్‌ని రంగు ఫిల్మ్ మీదే తీశారు. తలుపు తీసింది డూప్, పక్కకి తప్పుకోగానే నీలం గౌనులో బయటికి నడిచింది డోరతీ వేషం వేసిన జూడీ గార్లండ్.

మీ దగ్గరున్న పాత కాపీలో ఆ భాగం సెపియా కాకుండా ఉత్త నలుపు-తెలుపులో ఉంటే అది పాత ప్రింట్ నుంచి వచ్చిందన్నమాట. 1949 రీ-రిలీజ్ నుంచి ప్రింట్లు అలాగే తీశారు. సెపియా తిరిగొచ్చింది 1989లో, సినిమా 50 ఏళ్ల పండగకి వేసిన వీడియో క్యాసెట్‌తో.

రంగు భాగంలో మనుషుల అంచుల దగ్గర ఎరుపో ఆకుపచ్చో విడిపోయినట్టు కనిపిస్తే కారణం వేరు. ఆనాటి టెక్నికలర్ కెమెరా ఒకే దృశ్యాన్ని మూడు నెగటివ్‌ల మీద తీసేది. కాలక్రమంలో ఆ మూడూ ఒక్కలా కుంచించుకుపోవు, ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అంచులు కలవవు. 2005 డీవీడీకి మూడింటినీ కంప్యూటర్‌లో పొందిక చేశారు, 2009 బ్లూరేకి నెగటివ్‌లని 8కేలో స్కాన్ చేశారు. కాబట్టి 2005కి ముందు డిస్క్ ఎంత చవగ్గా దొరికినా వద్దు.

అస్థిపంజరాలు జారుతున్నట్టున్నాయి, తెరంతా ఇసుక చల్లినట్టుంది

ఈ రెండింటికీ మీ టీవీయే నిందితుడు. 1963 నాటి 'జేసన్ అండ్ ద ఆర్గనాట్స్'లో ఏడు అస్థిపంజరాలతో కత్తియుద్ధం ఉంది. రే హ్యారీహౌసెన్ ఒక్కో ఫ్రేముకి బొమ్మల చేతులూ కాళ్లూ కొద్దికొద్దిగా కదుపుతూ నాలుగు నెలలకి పైగా తీసిన సీను. ఆ చిన్న కుదుపే దాని ప్రాణం. టీవీ తెలివి ప్రదర్శించి రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టిస్తుంది, దాంతో యుద్ధం కాస్తా టీవీ సీరియల్‌లా తయారవుతుంది. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఒక్కటి నొక్కితే చాలు.

ఇసుక అనుకునేది ఫిల్మ్ గ్రెయిన్. ఫిల్మ్ స్వభావమే అది. నాయిస్ రిడక్షన్ పెంచితే గ్రెయిన్‌తో పాటు ముఖాల మీది గీతలూ బట్టల నేతా చెరిగిపోయి అందరూ మైనపు బొమ్మల్లా కనిపిస్తారు. ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంచి, షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి.

శబ్దం మధ్య స్పీకర్ నుంచే వస్తోందంటారా? ఆ కాలపు సినిమాలు చాలావరకు మోనో, అంటే శబ్దమంతా ఒకే ట్రాక్. అది సరైనదే.

టైటిల్ పాట లేదు, సినిమా పొడుగ్గా ఉంది

మిహాయెల్ ఎండె జర్మన్ నవల ఆధారంగా 1984లో వచ్చిన 'ద నెవర్‌ఎండింగ్ స్టోరీ' రెండు రూపాల్లో ఉంది. జర్మన్ వెర్షన్ 102 నిమిషాలు, సంగీతం అంతా క్లౌస్ డోల్డింగర్‌ది. బయటి దేశాలకి పంపింది 94 నిమిషాలు, అందులో జార్జియో మొరోడర్ సంగీతం కలిపి, లిమాల్ పాడిన టైటిల్ పాట పెట్టారు. పాట కోసం కొనేవాళ్లు జర్మన్ వెర్షన్ తెచ్చుకుంటే నిరాశే. నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది, కాకపోతే పైన చెప్పిన పాల్ లెక్క గుర్తుంచుకోండి: జర్మన్ వెర్షన్ కూడా పాల్ డీవీడీలో 98కి దిగుతుంది.

మన 'మాయాబజార్'కీ ఇదే వర్తిస్తుంది. 1957 నలుపు-తెలుపు సినిమా ఒకటి, 2010లో రంగులద్దిన వెర్షన్ ఒకటి. రంగుల దాంట్లో కొన్ని పాటలూ పద్యాలూ తీసేశారు. నాన్నగారికి పద్యాల కోసం కొంటుంటే నలుపు-తెలుపుదే అడిగి తీసుకోండి.

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్': సగంలో ఆగింది, ఆకుపచ్చగా ఉంది

ఎక్స్‌టెండెడ్ (అదనపు సీన్లు కలిపిన) వెర్షన్లు బ్లూరేలో ఒక్కో సినిమా రెండు డిస్కులు. మొదటి సినిమా ఎల్‌రోండ్ సభ దగ్గర ఆగితే డిస్క్ చెడలేదు, రెండోది పెట్టండి. 2011 ఎక్స్‌టెండెడ్ బ్లూరేలో అదే మొదటి సినిమా ఆకుపచ్చ ఛాయతో రావడం నిజమే, రంగులు మళ్లీ దిద్దినప్పుడు అలా వచ్చింది. టీవీలో టింట్ తిప్పితే మనుషుల ముఖాలు చెడతాయి. 2020 4కేలో రంగులు కొత్తగా దిద్దారు, దానికి మారడమే దారి. ఎల్ఫ్ భాష మాట్లాడేటప్పుడు కింద అక్షరాలు రాకపోతే సబ్‌టైటిళ్లు ఒకసారి ఆన్ చేసి చూడండి, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కూడా అప్‌డేట్ చేయండి.

4కే డిస్క్ వెలిసిపోయినట్టుంది

ప్లేయర్ హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే సిగ్నల్) పంపుతోంది, టీవీ అందుకోవడం లేదు. ప్లేయర్ ఏ హెచ్‌డీఎంఐ పోర్టులో ఉందో ఆ పోర్టుకి శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ ఆన్ చేయండి. టీవీకే హెచ్‌డీఆర్ లేకపోతే ఆ సినిమా బ్లూరేలో చూడటమే మేలు.

ఒకే చోట ఆగుతోంది, గడులు గడులుగా విడిపోతోంది

ఇది మాత్రం నిజంగా డిస్క్ సంగతి కావచ్చు. ముందు శుభ్రం చేయండి: గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ, మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్ట్ చిట్కా బ్లూరే మీద ప్రయోగించొద్దు. దాని సమాచారం పొర మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీకైతే 0.6.

తుడిచినా అదే చోట ఆగితే దీపానికి ఎదురుగా పట్టి చూడండి. సూది మొనంత వెలుగు చుక్కలు, అంచు దగ్గర పాలిపోయిన వలయం, రాగి రంగు మచ్చలు కనిపిస్తే లోపలి లోహపు పొర తినేసుకుపోతోందని అర్థం. దానికి ఇంట్లో వైద్యం లేదు. బిల్లు ఉంటే ఆ మచ్చలు కనిపించేలా ఫొటో తీసి మార్పిడి అడగండి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి, తేమ ఉన్న ఇళ్లలో డిస్కులు పెట్టెల్లో నిలువుగా, సిలికా జెల్ పొట్లంతో ఉంచితే బూజు అయినా తగ్గుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్ల దగ్గర అట్ట ఫొటోతో పాటు డిస్క్ అడుగు భాగం ఫొటో కూడా, వెలుతురులో పట్టి తీసింది, తెప్పించుకోండి.