వైడ్‌బ్యాండ్ ట్రాన్సిస్టర్‌తో ఎఫ్ఎం ప్రీయాంప్లిఫయర్ తయారీ

ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో వరంగల్ ఆకాశవాణి 103.5 మెగాహెర్ట్జ్ బలహీనంగా అందుతుంటే, యాంటెన్నాకూ రేడియోకూ నడుమ ఒకే ట్రాన్సిస్టర్‌తో ప్రీయాంప్లిఫయర్ (సిగ్నల్‌ను రేడియోకు ముందే పెంచే సర్క్యూట్) కట్టుకోవచ్చు. కరెంట్ గెయిన్ (ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) ఒకటికి దిగిపోయే ఫ్రీక్వెన్సీని ఎఫ్‌టీ అంటారు. ఎక్కడైనా దొరికే 2ఎన్3904కు అది సుమారు 300 మెగాహెర్ట్జ్ కాబట్టి, 100 మెగాహెర్ట్జ్ దగ్గర దానికి మిగిలే గెయిన్ మూడు రెట్లే. ఇక్కడ వాడే వైడ్‌బ్యాండ్ (విస్తృత ఫ్రీక్వెన్సీలలో పనిచేసే) ట్రాన్సిస్టర్ బీఎఫ్ఆర్93ఎ ఎఫ్‌టీ 6 గిగాహెర్ట్జ్. అయితే ఈ అంకె 30 మిల్లీయాంపియర్ల కరెంట్ దగ్గర చెప్పినదని తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో గమనించాలి. నాయిస్ (ట్రాన్సిస్టర్ సొంతంగా కలిపే రొద) తక్కువగా ఉండేది అంతకంటే చాలా తక్కువ కరెంట్ వద్ద. రిసీవర్‌కు 10 మిల్లీయాంపియర్లు సరిపోతాయని నా అభిప్రాయం.

9 వోల్టుల సరఫరా నుంచి 390 ఓముల రెసిస్టర్‌ను, దానికి వరుసగా 1 మైక్రోహెన్రీ చోక్ అనే తీగచుట్టను ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలుకు కలపండి. కలెక్టర్ నుంచి బేస్‌కు 39 కిలోఓములు, సిగ్నల్ లోపలికీ బయటికీ 1 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు చాలు. 390 ఓముల మీద 3.9 వోల్టులు కనిపిస్తే కరెంట్ సరిగ్గా ఉన్నట్లే. తక్కువ కనిపిస్తే 39 కిలోఓములను కొంత తగ్గించాలి. బేస్-ఎమిటర్ జంక్షన్ తిరగబడిన వోల్టేజీని 2 వోల్టులకు మించి ఓర్చుకోదు కనుక బ్యాటరీ తీగలు మారకుండా చూసుకోవాలి.

ఎక్కువ సర్క్యూట్లు చెడేది ఎమిటర్ దగ్గరే. పది మిల్లీమీటర్ల తీగలో దాదాపు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) ఉంటుంది. ఈ ట్రాన్సిస్టర్ ఇంకా గెయిన్ ఇచ్చే 1 గిగాహెర్ట్జ్ వద్ద అది 63 ఓములు, ట్రాన్సిస్టర్ సొంత ఎమిటర్ నిరోధమేమో 2.6 ఓములే. అందుకే టంకం లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డును పక్కన పెట్టి, రాగి పూత బోర్డు మీద ఎమిటర్‌ను నేరుగా గ్రౌండ్‌కు టంకం వేయాలి.

వేలు దగ్గరికి తెచ్చినప్పుడు కరెంట్ మారితే ఆసిలేషన్ (సర్క్యూట్ తనంతట తానే సిగ్నల్ పుట్టించడం) వస్తోందని అర్థం. బేస్‌కు వరుసగా 10 ఓములు పెట్టి, తీగలను ఇంకా పొట్టిగా కత్తిరించాలి.

స్టేషన్‌కు దగ్గరగా హనుమకొండలోనే ఉండేవారికి ఇది అక్కరలేదు, పైగా హాని చేస్తుంది: వైడ్‌బ్యాండ్ ట్రాన్సిస్టర్ మొబైల్ టవర్ల సిగ్నళ్లను కూడా పెంచడంతో అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసి రేడియోలో గోల పుడుతుంది. పల్లెలోనైనా టవర్ దగ్గరుంటే ఇన్‌పుట్‌కు ముందు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌లను మాత్రమే పోనిచ్చే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ తప్పనిసరిగా పెట్టాలి.