ఇంట్లో సర్వర్ పెట్టాలా, హోస్టింగ్ అద్దెకు తీసుకోవాలా?

సొంత వెబ్‌సైటు పెట్టాలనుకునేవారు సాధారణంగా ఏ కంప్యూటర్ కొనాలి, ఏ ప్లాన్ చవక అన్న లెక్కలతో మొదలుపెడతారు గాని, అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ సైటు అర్ధరాత్రి ఆగిపోయి మర్నాడు మధ్యాహ్నం దాకా తెరుచుకోకపోతే ఎవరికి ఇబ్బంది? మీ రచనలు, కుటుంబం ఫొటోలు, నేర్చుకోవడానికి చేసుకున్న ప్రయోగాలు అయితే ఇంట్లోనే సర్వర్ (అడిగినవారికి సైటు పేజీలను పంపే కంప్యూటర్) పెట్టి నిశ్చింతగా నడుపుకోవచ్చు. దుకాణానికి వచ్చే ఆర్డర్లో, పిల్లల పరీక్షా ఫలితాలో దాని మీద ఆధారపడి ఉంటే అద్దె హోస్టింగే, అంటే ఒక సంస్థ సర్వర్‌లో చోటే, తీసుకోవాలని నా దృఢమైన అభిప్రాయం.

ఇంటి నుంచే నడపాలని నిశ్చయించుకున్నవారు, రూపాయి ఖర్చు పెట్టకముందే ఒక పరీక్ష చేయాలి. రౌటర్ సెట్టింగుల పేజీలో వాన్ ఐపీ (WAN IP, ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా) అని కనిపించే అంకెలను రాసుకుని, మన ఐపీ చిరునామా చూపించే ఏదైనా సైటులో కనిపించే అంకెలతో పోల్చి చూడండి. రెండూ వేరైతే, ముఖ్యంగా రౌటర్‌లోనిది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే పబ్లిక్ చిరునామాను మీ ఇంటర్నెట్ సంస్థ చాలా ఇళ్లకు కలిపి పంచుతోందని అర్థం. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే అభ్యర్థనలను ఇంట్లోని యంత్రానికి మళ్లించడం) ఎంత సరిగ్గా చేసినా బయటివారు మీ సర్వర్‌ను చేరుకోలేరు. అదనపు రుసుము కట్టి స్టాటిక్ ఐపీ (మీకే చెందిన, మారని పబ్లిక్ చిరునామా) తీసుకోవడం ఒక మార్గం. క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ వంటి సేవ ద్వారా లోపలి నుంచే దారి తెరవడం మరొకటి. ఇంటి కనెక్షన్ మీద సర్వర్ నడపడాన్ని కొన్ని సంస్థల షరతులు అనుమతించవు కనుక వాటిని కూడా ముందే చదువుకోవాలి.

పబ్లిక్ చిరునామా ఉన్నట్లు తేలితే, సర్వర్ యంత్రానికి ఇంటి నెట్‌వర్క్‌లో మారని చిరునామా కేటాయించి, వెబ్‌సైట్లకు వాడే 80, 443 పోర్టులను మాత్రమే దానికి మళ్లించండి. రిమోట్ లాగిన్‌కు వాడే 22వ పోర్టును బయటికి తెరవకపోవడమే క్షేమం. పబ్లిక్ ఐపీ తరచుగా మారుతుంటే సైటు పేరును ఎప్పటికప్పుడు కొత్త చిరునామాకు కలిపే డైనమిక్ డీఎన్ఎస్ సేవను అమర్చుకోవాలి. పేజీలను పంపే ప్రోగ్రాముగా క్యాడీ అనే వెబ్ సర్వర్‌ను ఎంచుకుంటే, https కు కావలసిన భద్రతా సర్టిఫికెట్‌ను అదే తెచ్చుకుని, గడువు తీరకముందే పునరుద్ధరించుకుంటుంది. అంతా అయ్యాక ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో సైటు తెరిచి చూడండి. ఇంటి వైఫై మీద తెరుచుకున్నంత మాత్రాన బయటివారికి తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

ఇక కరెంటు సంగతి. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న యంత్రం సుమారు 5 వాట్లు వాడుతుందనుకుంటే నెలకు నాలుగు యూనిట్లు కూడా దాటదు, కాబట్టి సమస్య బిల్లు కాదు, కోతలు. ఒక వేసవి సాయంత్రం ఈదురుగాలికి మా ఇంట్లో కరెంటు నాలుగుసార్లు వచ్చి పోయింది. ఆ తరువాత యంత్రం మళ్లీ లేవలేదు. మెమరీ కార్డు పాడై, మూడు వారాల రాతలు పోయాయి. అప్పటి నుంచి కార్డు బదులు ఎస్ఎస్‌డీ అనే డిస్కు వాడుతున్నాను, రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ తగిలించాను. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సైతం, అది అందుకునే ఆ క్షణంపాటు ఏర్పడే ఖాళీకి రౌటర్ ఆగి మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది.

అద్దె హోస్టింగ్ ఈ బాధ్యతలలో చాలావాటిని తీసుకుంటుంది. మారని పేజీలే ఉన్న సైటుకు గిట్‌హబ్ పేజెస్ అనే సేవ ఉచితంగా సరిపోతుంది. బ్రౌజర్ నుంచే రాసి ప్రచురించే వర్డ్‌ప్రెస్ వంటిది కావాలంటే, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్ చాలు. సర్వర్ నిర్వహణ తెలిసినవారు వీపీఎస్ (పెద్ద యంత్రంలో తమకంటూ కేటాయించిన సర్వర్ భాగం) తీసుకోవచ్చు. ప్రకటనలో కనిపించే మొదటి ఏడాది ధరను కాక, రెన్యువల్ ధరను అడిగి తెలుసుకోండి. డొమైన్, అంటే సైటు పేరు, ఎప్పుడూ మీ పేరిట, మీ ఈమెయిల్‌తోనే నమోదు కావాలి. సైటు తయారుచేసిన వ్యక్తి పేరిట ఉన్న డొమైన్‌ను తిరిగి తెచ్చుకోలేక చిరునామానే మార్చుకున్నవారిని నేను ఎరుగుదును.

తెలుగు సైటు నడిపేవారికి బ్యాకప్ విషయంలో మరో జాగ్రత్త అవసరం. సైటు రాతలను దాచే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాములో 2018లో 8.0 వెర్షన్ వచ్చేవరకు డిఫాల్ట్ అక్షర సంకేతం, తెలుగు లిపికి చోటులేని లాటిన్1 కావడంతో, పాత డేటాబేస్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చేటప్పుడు తెలుగు వాక్యాలన్నీ ప్రశ్నార్థకాల వరుసలుగా మారిపోయే ప్రమాదం ఉంది. అలా మారిన బ్యాకప్ ఫైలు నుంచి అసలు వాక్యాలను తిరిగి రాబట్టలేము. అందుచేత డేటాబేస్ టేబుళ్లు, తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచగల యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4) సంకేతంలో ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాకప్ ఫైలును తెరిచి, అందులో నాలుగు తెలుగు వాక్యాలను కంటితో చదవండి. ఇంట్లోని పాత లాప్‌టాప్ మీద ఆ బ్యాకప్‌ను ఎక్కించి, సైటు మొత్తం అక్కడ లేచేదాకా దానిని బ్యాకప్‌గా లెక్కించవద్దు.

ఇంటి నుంచి హోస్టింగ్‌కు మారవలసి వస్తే, ఒకటి రెండు రోజుల ముందే డీఎన్ఎస్‌లో టీటీఎల్ విలువను (పాత చిరునామాను ఇతర యంత్రాలు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించండి. చిరునామా మార్చిన తరువాత ఒక వారం పాటు పాత సర్వర్‌ను ఆపకుండా ఉంచి, వచ్చినవారిని నమోదు చేసే దాని లాగ్‌లో పాఠకుల రాక పూర్తిగా ఆగిపోయిందని చూసుకున్నాకనే ప్లగ్ తీయండి.