మండువా ఇంటికి బురద వసారా – 3వ పాఠం: పాత గోడకి ఆనకుండా

బురద వసారా అంటే చేలోంచి వచ్చినవాళ్లు బురద కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లే వసారా. పోయిన పాఠంలో దానికి చోటు తేల్చేశాం కదా, వీధి అరుగు జోలికి పోవద్దు, పెరటి గుమ్మం దగ్గరే అని. చేలోంచి వచ్చేవాళ్లు ఎలాగూ అటునుంచే వస్తారు, నీళ్ల గాబు కూడా అక్కడే ఉంటుంది. ఈసారి పునాది, కప్పు.

మన డెల్టా నల్లమట్టి సంగతి తెలిసిందే. కాలువలకి నీళ్లు కట్టేసిన ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది, నాట్ల టైముకి నీళ్లు తాగి ఉబ్బుతుంది. పాత ఇల్లు ఏళ్ల తరబడి ఈ ఆటకి అలవాటుపడి కుదురుకుంది, మీ కొత్త పునాది మాత్రం ఇంకా దిగాల్సి ఉంది. రెండిటినీ కలిపి కట్టారో, కొత్తది దిగుతూ పాతదాన్నీ లాగుతుంది. మా ఇంట్లో మొదటిసారి మేస్త్రి గోడకి కన్నాలు కొట్టి, వసారా వాసాలు అందులో దూర్చి, సిమెంటు కూరేశాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతూ చూశాను. రెండో వానాకాలానికి గుమ్మం పైనుంచి చూరు దాకా బీట!

అందుకని వసారా తన స్తంభాల మీద తనే నిలబడాలి. గోడ మొదట్లో తవ్వొద్దు, మూడడుగులైనా ఎడం ఇవ్వండి. గోతుల అడుగున ఇసుక పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. కొత్త కప్పు పాత చూరు కిందకి దూరాలి, కానీ గోడకి తగలకూడదు, అంగుళం ఖాళీ ఉండాలి. అప్పుడు పై పెంకుల నీళ్లు కింది పెంకుల మీదే పడతాయి. చూరు మరీ కిందకుంటే తల తగులుతుంది, నేలని గడప కంటే ఒక మెట్టు దించుకోండి, అడుగుకి పావు అంగుళం చొప్పున బయటికి వాలు. పెంకులు పాత ఇళ్లు కూల్చినచోట దొరుకుతాయి, మీదొకటి చేత్తో పట్టుకెళ్లండి, గాడి కలవకపోతే దండగ.

ఇంకోటి, కాళ్లు కడిగితే నీళ్లు చిందుతాయని సున్నం గోడకి సిమెంటు పూత, టైల్స్ వేయించకండి. సున్నం చెమ్మ పీల్చినా మళ్లీ ఆరిపోతుంది. పైన సిమెంటు మూసేస్తే ఆ చెమ్మ బయటపడే దారిలేక గోడలో పైపైకి ఎక్కుతుంది, ఉప్పు పట్టి పెచ్చులూడుతుంది. దానికంటే గాబునే వసారా బయటి అంచుకి జరపడం తేలిక.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. గాలి లేకుండా నిలువుగా వాన పడుతున్నప్పుడు, చూరు నీళ్లు గోడకి ఎంత దూరంలో పడుతున్నాయో కొలిచి గుర్తు పెట్టండి. కొత్త కప్పు ఆ గీత దాటి లోపలికి కనీసం అడుగైనా దూరాలి.