నోట్లో మానని పుండు: బయాప్సీ నుంచి రేడియేషన్ దాకా ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి

నోట్లో మామూలు పుండు రెండు వారాల్లో మానుతుంది. మూడో వారంలోకి వెళ్లిందంటే అది క్యాన్సర్ కావచ్చు, బీకాంప్లెక్స్ బిళ్లలతో, పూత మందులతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించి, బయాప్సీ (పుండు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అని అడగండి. పన్ను గీరుకుని పుండు పడిందనుకుంటే ఆ పన్ను అరగదీయించండి. ఆ తర్వాత రెండు వారాలకీ తగ్గలేదంటే తప్పు పన్నుది కాదు. ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందన్న భయంతో నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఆ భయానికి ఆధారం లేదు. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ వైద్యం మొదలే కాదు.

పొగాకు, గుట్కా, ఖైనీ, వక్క అలవాటున్నవాళ్లు నెలకోసారి అద్దం ముందు ఫోన్ టార్చితో నోరు చూసుకోవాలి. ఖైనీ ఉండ పెట్టుకునే చోటు, బుగ్గ లోపలి వైపు ముందు చూడండి. నాలుకను శుభ్రమైన గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి అంచులు, అడుగు చూడండి. గీకినా పోని తెల్ల మచ్చను వదిలేయకూడదు. ఎర్ర మచ్చ దానికంటే ప్రమాదం. వేలితో తడిమితే అంచు గట్టిగా తగిలే పుండు, మెడలో నొప్పి లేని గడ్డ కూడా అనుమానించాల్సినవే. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, చాలామంది అక్కడే మోసపోతారు. గొంతు మూడు వారాలకు మించి బొంగురుపోయినా, మింగితే ఒకవైపే నొప్పి పుట్టి చెవిలోకి పోటు పొడిచినా ఈఎన్‌టీ దగ్గర కెమెరాతో చూపించుకోవాలి.

గుంటూరు ప్రాంతంలో ఇంకో గుర్తు తొందరగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి గోంగూర పచ్చడి, ఆవకాయ తిన్న మనిషి ఉన్నట్టుండి కారం పడట్లేదు, నోరు భగ్గుమంటోంది అంటే, వక్క గానీ గుట్కా గానీ నములుతున్నారేమో అడగండి. బుగ్గల లోపలి పొర నారలా గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అలాగే మొదలవుతుంది. అలాంటి నోట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. తన చేతి మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. రెండే పడుతున్నాయంటే డెంటల్ డాక్టరుకు చూపించి, వక్క ఆ రోజే మానేయాలి. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే. నింద మిర్చి మీద వేయొద్దు, పుండును మండించేది కారమే అయినా అసలు కారకాలు పొగాకు, వక్క, మద్యం. పొగాకుకు మద్యం తోడైతే ముప్పు రెండూ కలిపినదానికంటే ఎక్కువే. టాన్సిల్, నాలుక మొదలు భాగాల్లో కొన్ని క్యాన్సర్లు హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) వైరస్ వల్ల కూడా వస్తాయి. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం.

నోటి క్యాన్సర్‌కు సాధారణంగా ముందు ఆపరేషనే. గడ్డతో పాటు చాలామందికి మెడలోని గ్రంథులు కూడా తీస్తారు. పైకి తగలకపోయినా ఎందుకు తీస్తారంటే, కంటికి కనపడని కణాలు అక్కడ దాగి ఉండొచ్చు. స్వరపేటికలో క్యాన్సర్ తొలి దశలో ఉంటే రేడియేషన్ ఒక్కటి గానీ లేజర్ గానీ సరిపోతుంది. ముదిరితే కీమోతో కలిపి రేడియేషన్, లేదా స్వరపేటిక తీసేయడం. ఖర్చు గురించి వెనకాడే ముందు, జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందేమో ఆస్పత్రి కౌంటర్లో అడగండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆస్పత్రి) ఆవరణలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది.

ఇంటివాళ్ల పని అసలు మొదలయ్యేది రేడియేషన్‌తో. గడ్డ మీద నేరుగా ఇస్తే మామూలుగా 33 నుంచి 35 సిట్టింగులు, వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఏడు వారాలు. ఆపరేషన్ తర్వాతైతే ఆరు వారాల లోపే మొదలవ్వాలి. పెళ్లనో పండగనో మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. తర్వాత కలిపిన సిట్టింగులు ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేవు.

మొదలుపెట్టే ముందు పళ్లు చూపించండి. పీకాల్సిన పన్ను రెండు మూడు వారాల ముందే పీకించాలి, చిగురు మానాలి కదా. రేడియేషన్ మొదలై రెండు మూడు వారాలు గడిచేసరికి నోరు పుండవుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి పుక్కిలించాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపండి. షాపులో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉంటే మంట ఎక్కువవుతుంది. మెడ మీద పౌడరు, గంధం, విభూతి రాయకండి, బ్లేడుతో గడ్డం గీయకండి. గొలుసు తీసేసి మెత్తటి నూలు చొక్కా వేయండి, మే నెల విజయవాడ ఎండలో మెడ కప్పకుండా పంపకండి.

ప్రతి వారం బరువు తూచాలి. చిక్కిపోతే రేడియేషన్ ఇచ్చేటప్పుడు కదలకుండా ముఖానికి బిగించే మాస్క్ వదులై గురి తప్పుతుంది, మళ్లీ కొలతలు తీయాల్సి వస్తుంది. మింగలేకపోతే ముక్కు గుండా ఆహారం పంపే గొట్టానికి ఒప్పుకోండి. ద్రవాహారం ఒక్కోసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, రెండు గంటలకోసారి, డైటీషియన్ చెప్పిన లెక్కలో. రాగిజావ, పప్పుకట్టు పల్చటి గుడ్డతో వడకట్టకపోతే గొట్టం మూసుకుపోతుంది. పోసే ముందూ తర్వాతా 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీళ్లు పంపండి. ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరిగిందేమో ప్రతిసారీ చూడండి, జరిగితే పోయకండి. గొట్టం ఊడితే ఇంట్లో మళ్లీ తోయొద్దు. పోసేటప్పుడూ, ఆ తర్వాత అరగంటా మనిషి కూర్చునే ఉండాలి. డాక్టరు వద్దనకపోతే గుక్కెడు నీళ్లయినా రోజూ నోటితో మింగించండి, లేదంటే మింగే కండరాలు మొద్దుబారతాయి. సిస్‌ప్లాటిన్ కీమో తీసుకునేవాళ్లకు మూత్రం తగ్గినా, చెవిలో హోరు వచ్చినా వెంటనే చెప్పాలి.

తొలి దశలో పట్టుకుంటే ఎక్కువమంది నయమవుతారు, స్వరతంతువుకే పరిమితమైన చిన్న గడ్డలైతే పదిలో తొమ్మిది దాకా లొంగుతాయి. మెడ గ్రంథులకు పాకితే ఆ అవకాశం బాగా పడిపోతుంది. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడతాయి. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూపించుకోవాలి. దవడ బిగుసుకోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, రోజుకు మూడు నుంచి ఐదు సార్లు నోరు తెరిచే వ్యాయామం చేయించండి, పట్టు సడలిన కొద్దీ పుల్ల చేర్చండి. మెడకు రేడియేషన్ పడినవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష. ఎన్నేళ్లు గడిచినా పన్ను పీకించుకునే ముందు రేడియేషన్ తీసుకున్నామని డెంటిస్టుకు చెప్పి తీరాలి, లేకపోతే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది.